పర్రలో పెరిగే కూరాకు: ఇలకూర, కొయ్యలు, వాటి చుట్టాలు

అందరికీ నమస్కారమండి. వెనకాల కూర్చున్నవాళ్ళకి వినపడుతుందా? ఆ, చెయ్యెత్తారు, సరే. లైబ్రరీ వాళ్ళు ఫోన్ చేసి మొక్కల మీద ఏదో ఒకటి మాట్లాడండి మేడం అన్నారు, నేను ఆలోచించకుండానే పర్రలో, అంటే సముద్రం పక్కన ఉప్పెక్కిన నేలలో పెరిగే మొక్కల గురించి మాట్లాడతానని చెప్పేశాను. కొబ్బరి గురించి, వరి గురించి చెప్పడానికి ఈ కోనసీమలో వీధికి పదిమంది ఉంటారండి, ఇలకూర గురించి చెప్పేవాళ్ళే తగ్గిపోతున్నారు. మా స్టూడెంట్స్‌లో సముద్రం పక్క ఊళ్ళనించి వచ్చే పిల్లలు కూడా ఆ మొక్కని చూపిస్తే "అది పిచ్చి మొక్క మేడం" అంటున్నారు. వాళ్ళ నాయనమ్మల్ని అడిగితే మాత్రం ఎలా వండాలో టకటకా చెప్తారు.

ముందు ఈ కుటుంబం ఏంటో చెప్పేస్తాను, ఇది త్వరగా అయిపోతుంది. మనం వండుకునే పాలకూర, బీట్‌రూట్, ఈమధ్య షుగర్ ఉన్నవాళ్ళు అన్నం బదులు కొనుక్కుంటున్న కినోవా, ఇవన్నీ ఒక కుటుంబమేనండి. బోటనీ పుస్తకాల్లో కీనోపోడియేసి అని ఉండేది. 1998లో డీఎన్ఏ ఆధారంగా పూల మొక్కల వర్గీకరణ మొత్తం తిరగరాసినప్పుడు దీన్ని తీసుకెళ్ళి తోటకూర కుటుంబంలో, అంటే అమరాంథేసిలో కలిపేశారు. ఇప్పటికీ కొంతమంది శాస్త్రవేత్తలు రెండూ వేరేగా ఉంచాలనే అంటారు, ఆ గొడవ మనకొద్దు. తోటకూర, పాలకూర చుట్టాలు, అంతవరకు గుర్తు పెట్టుకుంటే చాలు. బచ్చలికూర మాత్రం ఈ లెక్కలోకి రాదండి, దాని కుటుంబం వేరు.

ఈ కుటుంబంలో చాలా మొక్కలకి ఉప్పంటే లెక్క లేదు. బీట్‌రూట్‌కి మూలమైన అడవి మొక్క ఇప్పటికీ యూరప్ సముద్రం ఒడ్డున, అలల తుంపర పడే చోట పెరుగుతూ ఉంటుంది. మన దగ్గర ఆ పని చేసే మొక్కలు వేరే ఉన్నాయి, వాటి కోసమే ఈ మాటంతా.

కాకినాడ నించి యానాం బస్సెక్కి ఎడం పక్క కిటికీ దగ్గర కూర్చోండి. చొల్లంగి దాటాక, తాళ్ళరేవు, కోరంగి వైపు మడ అడవి మొదలవుతుంది. అక్కడ 1978లో పెట్టిన అభయారణ్యం ఉంది, సుమారు 235 చదరపు కిలోమీటర్లు. అందరూ మడని చూడ్డానికి వెళ్తారండి, చెక్క వంతెన మీద నడుస్తారు, ఫోటోలు దిగుతారు, వచ్చేస్తారు. మడకీ ఊరికీ మధ్యన ఖాళీగా, తెల్లగా పేట్లు పేట్లుగా కనపడే నేల ఒకటుంటుంది, దాన్ని ఎవరూ చూడరు. అదే పర్ర. ఉప్పలగుప్తం, కాట్రేనికోన, సఖినేటిపల్లి, అటు వశిష్ఠ దాటాక మొగల్తూరు, ఎక్కడ సముద్రం ఒడ్డుకెళ్ళినా ఇలాంటి నేల ఉంటుంది, లేదా మొన్నమొన్నటిదాకా ఉండేది.

అక్కడ మడ ఎందుకు లేదంటారా? మడకి రోజూ పోటు నీళ్ళు తగలాలి. పర్ర కొంచెం ఎత్తు, ఎంత ఎత్తంటే కంటికి తెలీదు, జానెడు ఉండొచ్చు, బెత్తెడు ఉండొచ్చు. అమావాస్యకో పౌర్ణమికో వచ్చే పెద్ద పోటుకి మాత్రమే నీళ్ళు అక్కడిదాకా ఎక్కుతాయి. ఎక్కిన నీళ్ళు వెనక్కి పోకుండా నిలబడి ఎండకి ఆవిరైపోతాయి, ఉప్పు మిగిలిపోతుంది, మళ్ళీ ఇంకో పోటు, మళ్ళీ ఉప్పు. అలా అలా వేసవి వచ్చేసరికి ఆ నేలలో ఉప్పు సముద్రం నీళ్ళలో ఉన్నదానికంటే ఎక్కువైపోతుందండి. తెల్లమడ లాంటి గట్టి చెట్టు కూడా అక్కడ గిడసబారిపోతుంది. అలాంటి చోట దర్జాగా పెరిగేవి ఇలకూర, కొయ్యలు అనే మొక్కలు.

ఇలకూర కొమ్మ ఒకటి తెచ్చాను, ముందు వరుసలోంచి అలా అందరికీ అందించండి. పేరు సూయెడా మారిటిమా. మోకాలెత్తు దాటదు. ఆకు చూడండి, వేలి గోరంత పొడుగు, సన్నగా, లావుగా, ఒక పక్క బల్లపరుపుగా రెండో పక్క గుండ్రంగా ఉంటుంది. గోటితో నొక్కండి. నీళ్ళొచ్చాయా? ఆ నీళ్ళు నాలిక మీద వేసుకోండి, భయం లేదు, కడిగే తెచ్చాను. ఉప్పగా ఉంది కదా. ఆకు మొదట్లో, కాడకి అతుక్కుని పచ్చటి చిన్న గింజల్లాంటివి ఉన్నాయి చూశారా, అవి మొగ్గలు కాదండి, పువ్వులే. ఈ కుటుంబంలో పువ్వులకి రంగు రేకులుండవు, తేనెటీగని పిలవాల్సిన పని పెద్దగా లేదు, చాలావాటికి గాలే పుప్పొడి మోస్తుంది. పర్రలో గాలికి కరువేముంది.

ఇదే జాతిలో ఇంకోటి ఉంది, సూయెడా మోనాయికా, అది మనిషెత్తు పొదలా పెరుగుతుంది, మొదలు చెక్కలా గట్టిపడుతుంది. చూడ్డానికి అక్కాచెల్లెళ్ళే గానీ లోపల పని చేసే పద్ధతి వేరు. చిన్న ఇలకూర వరి లాగా ఎండని వాడుకుంటుంది, సీ3 అంటాం. పెద్దది మొక్కజొన్న, చెరుకు వాడే సీ4 పద్ధతి వాడుతుంది, అంటే తక్కువ నీళ్ళతో ఎక్కువ పని. ఒకే జాతి, ఒకే పర్ర, పక్కపక్కనే నిలబడి రెండు వేరే పద్ధతులు. నేను క్లాసులో ఈ మాట చెప్పినప్పుడల్లా నాకే ఒళ్ళు జలదరిస్తుందండి, ఇంత పెద్ద సంగతి మన కాళ్ళ కింద ఉంటే మనం దాన్ని పిచ్చి మొక్క అంటున్నాం.

కొయ్యల సంగతి. సాలికోర్నియా బ్రాకియాటా. దీనికి ఆకులు ఉన్నట్టే కనపడవు, కాడే కణుపు కణుపుగా, రసంతో ఉబ్బి, ఒకదాని మీద ఒకటి పూసలు గుచ్చినట్టు ఉంటుంది. ఏటా విత్తనంతో మొలిచి ఏటా చచ్చిపోయే మొక్క. దీనికి దగ్గర చుట్టం ఇంకోటి నేల మీద పాకుతూ, కణుపుల దగ్గర వేళ్ళు వేస్తూ, ఏళ్ళ తరబడి బతుకుతుంది. చలికాలం వచ్చేసరికి కొయ్యలు ఎర్రబడతాయండి. వానలు వెళ్ళిపోయి నేలలో ఉప్పు పెరుగుతున్న కొద్దీ పచ్చ తగ్గి గులాబీ, తర్వాత ముదురు ఎరుపు. ఆ ఎరుపు, మందారం ఎరుపు ఒకటి కాదు. మందారంలో ఉండేది ఆంథోసయనిన్. దీంట్లో ఉండేది బీటాలైన్, అంటే బీట్‌రూట్ తరిగితే చేతికి అంటుకునే రంగు. ఏ మొక్కయినా ఈ రెండిట్లో ఒక రకం రంగే చేస్తుంది, రెండూ చేసే మొక్క ఇంతవరకు దొరకలేదు. కాబట్టి మీరు పర్రలో ఎర్రటి కొయ్య తుంచి చేత్తో నలిపితే ఆ రంగు మీ వంటింట్లో రంగే.

మరి ఉప్పుని ఎలా తట్టుకుంటాయి? మడ పద్ధతి ఒకటి. తెల్లమడ ఆకుని మధ్యాహ్నం పూట వేలితో రాస్తే ఉప్పు గరగరలాడుతుంది, అది ఉప్పుని ఆకు మీదకి నెట్టేస్తుంది. ఇలకూర బయటికి నెట్టదు, లోపలే దాస్తుంది. ప్రతి కణంలో మధ్యన నీటి సంచి లాంటిది ఉంటుంది, వాక్యుయోల్ అంటాం, సోడియం అంతా అందులోకి తోసేస్తుంది, అందుకే ఆకు లావెక్కుతుంది. సంచి బయట జీవపదార్థం ఉంటుంది కదా, అక్కడ ఉప్పు ఎక్కువుంటే ఎంజైములు పనిచెయ్యవు. అందుకని సంచిలో ఉప్పుకి సరితూగేలా బయట గ్లైసీన్ బీటైన్ అనే పదార్థం తయారుచేసి పెట్టుకుంటుంది. దాన్ని శాస్త్రవేత్తలు మొదట కనిపెట్టింది బీట్ రసంలోనే. ముదురాకులు ఉప్పుతో నిండిపోయాక ఎర్రబడి రాలిపోతాయి, చిగుళ్ళు మళ్ళీ వస్తూ ఉంటాయి.

విత్తనాల దగ్గర ఇంకో తెలివి ఉంది. ఈ కుటుంబంలో చాలా మొక్కలు ఒకే చెట్టు మీద రెండు రకాల విత్తనాలు వేస్తాయండి, కొన్ని గోధుమ రంగువి, కొన్ని నల్లగా నున్నగా ఉండేవి. గోధుమవి తొందరగా మొలిచేస్తాయి. నల్లవి పెంకు గట్టిది, తొందరపడవు, నేలలో ఉండిపోతాయి. ఈ ఏడు మొలిచినవన్నీ తుఫానుకి పోయినా వచ్చే ఏటికి నల్లవి ఉంటాయి. 1996 నవంబర్ 6 రాత్రి మనలో చాలామందికి గుర్తే కదా, కొబ్బరి తోటలు అలా పడుకుండిపోయాయి. పర్రలో మళ్ళీ పచ్చగా తేలడానికి ఎవరూ నారు పొయ్యక్కర్లేదు, వాన పడి పైన ఉప్పు కాస్త కడుక్కుపోతే చాలు, నేలలో ఉన్న విత్తనమే లేచి వస్తుంది.

ఇప్పుడు చెప్పేది కొంచెం నెమ్మదిగా చెప్తాను, నేను ఇవాళ ఇక్కడికొచ్చిందే దీనికోసం. విలియం రాక్స్‌బర్గ్ అని ఈస్టిండియా కంపెనీలో డాక్టరు. 1781 నించి 1793 దాకా మన సామర్లకోటలో ఉన్నాడు, అక్కడే మొక్కల తోట వేశాడు, తర్వాత కలకత్తా బొటానికల్ గార్డెన్‌కి వెళ్ళాడు. మన దేశపు మొక్కల మీద ఆయన రాసిన పుస్తకాల్లో తెలుగు పేర్లు అన్ని ఉండడానికి కారణం ఇక్కడ గడిపిన ఆ ఏళ్ళే. ఆయన ఉండగానే ఈ ప్రాంతానికి పెద్ద కరువొచ్చింది. అప్పటికి ధవళేశ్వరం ఆనకట్ట లేదు, కాటన్ దొర పని మొదలుపెట్టింది 1847లో, అది పూర్తయింది 1852లో. వాన లేకపోతే అన్నం లేదు. జనం రోడ్ల పక్కన చచ్చిపోయారు.

ఇలకూర గురించి రాస్తూ రాక్స్‌బర్గ్ ఏమన్నాడంటే, సముద్రం దగ్గర ఉండే అన్ని రకాల జనం ఈ ఆకు తింటారు, ఆరోగ్యానికి మంచిదని అనుకుంటారు, 1791, 92, 93 కరువులో ఈ ఒక్క మొక్క ఆకులే వేల ప్రాణాలు కాపాడాయి, అది దొరికినన్నాళ్ళూ తీరంలో చాలామంది బీదవాళ్ళకి తినడానికి ఇంకేం పెద్దగా లేదు అని. కంపెనీ డాక్టరు రాసిన మొక్కల పుస్తకంలో, ఆకు ఎంత పొడుగు, పువ్వు ఎలా ఉంటుంది అనే వివరాల మధ్యలో ఈ మాట ఉందండి. ఆ తర్వాత ఆయన కొబ్బరి, సగ్గుబియ్యం చెట్టు లాంటివి కరువు కాలంలో తిండికోసం నాటించమని పైవాళ్ళకి ఉత్తరాలు రాస్తూనే ఉన్నాడు.

ఆ కరువులో మిగిలినవాళ్ళ మనవలు, మునిమనవలు ఇప్పటికీ ఈ చుట్టుపక్కలే ఉన్నారు. ఈ హాల్లో కూడా ఉండే ఉంటారు. పర్రలో నడుస్తుంటే నాకు ఆ మాటే మెదులుతూ ఉంటుంది.

రాక్స్‌బర్గ్ ఇంకోటి కూడా అన్నాడు, మన తీరంలో ఉన్న ఈ కొయ్యలు, ఇలకూర జాతి మొక్కలు కాల్చి బూడిద చేస్తే ప్రపంచం మొత్తానికి సరిపడా సబ్బు, గాజు తయారుచెయ్యొచ్చని. సబ్బుకీ గాజుకీ సోడా కావాలి, అప్పట్లో సోడా అంటే ఈ మొక్కల బూడిదే మరి. స్పెయిన్ తీరంలో అది పెద్ద వ్యాపారం. అదే 1791లో ఫ్రాన్సులో లెబ్లాంక్ అనే ఆయన మామూలు ఉప్పు నించి సోడా తీసే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు, దాంతో మెల్లగా మొక్కల సోడా గిరాకీ పడిపోయింది. మన దగ్గర చాకలివాళ్ళు చవుడు మన్నుతో బట్టలు ఉతికేవారు, పెద్దవాళ్ళకి తెలుసు.

ఊళ్ళోపల పెరిగే చుట్టం గురించి కూడా ఒక్క మాట. చక్రవర్తికూర, కొన్నిచోట్ల పప్పుకూర అంటారు, హిందీవాళ్ళ బతువా. కీనోపోడియం ఆల్బమ్. చలికాలంలో లంకల్లో కూరగాయల మడుల్లో కలుపుగా వస్తుంది. లేత ఆకు వెనక తెల్లటి పిండి రాసినట్టు ఉంటుంది, వేలితో తుడిస్తే పోతుంది. భూతద్దంలో చూస్తే ఆ పిండి చిన్న చిన్న నీటి బుడగలండి, ఆకు మీద వెంట్రుకల చివర ఉబ్బిన కణాలు. ఉత్తరాదిలో దాన్ని పరాఠాల్లో పెట్టుకుని తింటారు, కట్టలు కట్టి మార్కెట్లో అమ్ముతారు. మనం పీకి గట్టు మీద పారేస్తాం, లేదా మందు కొడతాం.

సరే, ఇప్పుడు పర్రకి ఏమవుతోందో చెప్పాలి. రికార్డుల్లో అది బంజరు. బంజరు అని రాసేసరికి ఎవరికీ అడ్డు లేదు. తొంభైల్లో రొయ్యల చెరువులు వచ్చినప్పుడు ముందు పోయింది పర్రే. 1996 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు తీరం జోన్‌లో రొయ్యల చెరువులు కూడదని, సంప్రదాయ పద్ధతిలో చేసేవాటికే మినహాయింపని తీర్పిచ్చింది, తర్వాత 2005లో వేరే చట్టం వచ్చింది, ఆ లీగల్ సంగతులు నా సబ్జెక్టు కాదు. నా కంటికి తెలిసింది ఏంటంటే, గట్టు వేసి పోటు నీళ్ళు ఆపేస్తే రెండు మూడు వానాకాలాల్లో పైన ఉప్పు కడుక్కుపోతుంది, ఇలకూర పలచబడుతుంది, ఆ ఖాళీలోకి సర్కారు తుమ్మ దిగుతుంది. తుమ్మ దిగితే మరి పీకడం మనవల్ల కాదు.

రొయ్యలు పెంచేవాళ్ళని నేను తిట్టడం లేదండి, మా బంధువుల్లోనే ఉన్నారు, ఆ డబ్బుతో పిల్లలు చదువుకున్నారు. పర్ర అంటే ఏమీ లేని నేల అనే మాటనే నేను ఒప్పుకోను.

ఇంకో చిక్కు మంచి మనసుతో చేసే పనిలో ఉంది. మడ నాటడం. మడ నరికేసి, కాలవలు పూడిపోయి, నీళ్ళు నిలిచి ఉప్పెక్కిపోయిన చోట్ల చేప ముల్లు ఆకారంలో కాలవలు తవ్వి, పోటు నీళ్ళు వచ్చి పొయ్యేలా చేసి మడ నాటారు. స్వామినాథన్ ఫౌండేషన్ వాళ్ళు గోదావరి, కృష్ణా రెండు చోట్లా ఈ పని చేశారు, బాగా వచ్చింది, నేను మెచ్చుకుంటాను. కానీ ఎప్పుడూ మడ లేని, ఎప్పటినించో ఇలకూర, కొయ్యలు ఉన్న పర్రని కూడా ఖాళీగా ఉంది కదా అని తవ్వి మడ నాటేద్దాం అంటే నేను అడ్డం పడతాను. మొక్కలు బతకవు, ఉన్నవి పోతాయి. నాటే ముందు అక్కడ ఇదివరకు ఏముండేదో ఊళ్ళో పెద్దవాళ్ళని అడగండి, వలలేసే వాళ్ళని అడగండి. వాళ్ళకి తెలుసు.

ప్రశ్నలు ఏమన్నా ఉంటే అడగండి.

(సభలో ఒకరు: మేడం గారూ, మా కొబ్బరి తోటలో బోదె పక్కన ఈ ఇలకూర మొలుస్తోందండి. పీకెయ్యమంటారా?)

పీకడం తర్వాత సంగతి బాబూ, ముందు మీ బోదె నీళ్ళు టెస్టు చేయించండి. తోటలో ఇలకూర తేలిందంటే నేలలోకి ఉప్పు ఎక్కుతోందని అర్థం. శంకరగుప్తం డ్రెయిన్ పక్కన సముద్రం నీళ్ళు ఎగదన్ని కొబ్బరి చెట్లు ఎలా తలలు వాల్చేశాయో చూశాం కదా. కొబ్బరి కొంత ఉప్పు ఓర్చుకుంటుంది గానీ నిలవ ఉప్పునీళ్ళలో బతకదు. మట్టి, నీళ్ళు రెండూ పరీక్షకి ఇవ్వండి. ఇలకూర పీకినంత మాత్రాన ఉప్పు పోదు. కోసి బయటికి తీసుకెళ్తే దానితోపాటు కొంత ఉప్పు వెళ్తుంది నిజమే, మురుగుకాలవలోంచి రోజూ సముద్రం వస్తుంటే అది ఏ మూలకీ చాలదు.

(ఒక మహిళ: ఎలా వండాలండి? బీపీ ఉన్నవాళ్ళు తినొచ్చా?)

లేత చివుళ్ళే కొయ్యాలమ్మా. వానలు పడ్డాక మొలిచి, పువ్వు పట్టకముందు లేతగా ఉంటుంది. రెండు మూడు నీళ్ళలో కడిగి, ఎక్కువ నీళ్ళు పోసి ఉడకబెట్టి ఆ నీళ్ళు పారబొయ్యాలి, ఇంకా ఉప్పగా ఉంటే ఇంకోసారి. అప్పుడు పిండి, కందిపప్పులో వేసుకోవచ్చు, కాస్త చింతపండు పులుసు పొయ్యొచ్చు. మా అమ్మమ్మ ఎండురొయ్యలు వేయించి అందులో కలిపేది, అది నాకు చాలా ఇష్టం. విడిగా ఉప్పు వెయ్యకూడదు, రుచి చూసి కావాలంటేనే. ఇక బీపీ ఉన్నవాళ్ళు, కిడ్నీలో రాళ్ళున్నవాళ్ళు వద్దండి. నీళ్ళు పారబోసినా సోడియం మిగులుతుంది, పాలకూరలో లాగా ఈ కుటుంబంలో ఆక్సలేట్లు కూడా ఎక్కువే. రొయ్యల చెరువుల నీళ్ళు వదిలే చోట, ఫ్యాక్టరీ కాలవల పక్కన అస్సలు కొయ్యొద్దు, ఆ నీళ్ళలో ఏ మందులుంటాయో మొక్కలోకి అవే వెళ్తాయి. అభయారణ్యం లోపల కొయ్యడం నేరం, అది కూడా గుర్తుంచుకోండి. పక్కనే నేల మీద పాకుతూ, లావు ఆకులతో గులాబీ రంగు చిన్న పువ్వులు పూసేది కనపడితే అది ఇలకూర కాదు, వంగరెడ్డి కూర, కుటుంబం వేరు. అదీ తింటారు గానీ దేన్ని కోస్తున్నారో తెలిసి కొయ్యండి.

(ఒక విద్యార్థి: మేడం, కొయ్యలు పంటగా వేస్తే డబ్బులొస్తాయా?)

ప్రయత్నాలు జరిగాయమ్మా. గుజరాత్ భావ్‌నగర్‌లో ఉప్పు, సముద్ర రసాయనాల పరిశోధనా సంస్థ ఉంది, వాళ్ళు ఈ సాలికోర్నియా బ్రాకియాటా నించే సలోనీ అనే మొక్క ఉప్పు తయారుచేశారు. విత్తనంలో మంచి నూనె ఉంది, సముద్రం నీళ్ళే పెట్టి పెంచొచ్చు. యూరప్‌లో దీని చుట్టాన్ని హోటళ్ళలో ఖరీదైన కూరగా వడ్డిస్తారు. ఇక్కడ ఇప్పటికిప్పుడు కొనేవాడు ఎవరు అనేది ముందు చూసుకోవాలి, కొనేవాడు లేకుండా ఎకరాల్లో వెయ్యమని నేను చెప్పను. పాత చెరువు పాడుబడి ఉంటే అందులో చిన్న మడి వేసి చూడు, అంతే. పర్రని దున్ని మాత్రం వెయ్యొద్దు, అక్కడ అది ఎలాగూ పెరుగుతోంది.

ఇంకేమన్నా ఉన్నాయా? టైమ్ అయిపోయిందంటున్నారు. ఆదివారం పొద్దున్న చిర్రయానాం వైపు వెళ్దామనుకుంటున్నాం, పాటు వేళ చూసుకుని బయల్దేరతాం, రావాలనుకునేవాళ్ళు లైబ్రరీలో పేరు రాయించండి. పర్రలో తెల్లటి పొర కింద మెత్తటి ఒండ్రు ఉంటుంది, చీలమండదాకా దిగిపోతారు, అందుకని పాత చెప్పులు వేసుకోండి, మంచినీళ్ళు తెచ్చుకోండి. భూతద్దం నా దగ్గర రెండున్నాయి, ఇంకోటి ఎవరైనా తెస్తే బావుంటుంది, గింజలో పిండం చుట్ట చుట్టుకుని ఎలా ఉంటుందో చూపిస్తాను.